టికెట్ కొట్లాట సాగితే గండి ఎక్కడ పడుతుంది? శ్రీకాకుళం, విజయనగరం లెక్కలతో చర్చ

ఆముదాలవలస జంక్షన్:
ఎన్నికలొస్తే మన రెండు జిల్లాల్లో తప్పకుండా వినపడే మాట, "టికెట్ తేలేసరికే పుణ్యకాలం గడిచిపోయింది, ఇంకెక్కడి గెలుపు" అని. 2024కి ముందు శ్రీకాకుళం, పాతపట్నం, ఎచ్చెర్ల, చీపురుపల్లి, నెల్లిమర్ల, గజపతినగరం, ఎక్కడ చూసినా టీడీపీ, జనసేన, బీజేపీ కూటమి ఆశావహుల పంచాయితీలే. తీరా ఫలితాలు చూస్తే శ్రీకాకుళం జిల్లాలో 8కి 8, విజయనగరం జిల్లాలో 7కి 7 కూటమికే వచ్చాయి. అటు వైఎస్సార్సీపీ 2023 డిసెంబరు నుంచే ఇన్‌చార్జిలను మార్చుకుంటూ వచ్చి, మార్చి 16న ఇడుపులపాయలో 175 పేర్లూ ఒకేసారి ప్రకటించింది. రాష్ట్రం మొత్తమ్మీద వాళ్లకు దక్కినవి 11.

మరి టికెట్ పోరు సాగితే నష్టం అన్నది తప్పుడు మాటేనా? లేక నష్టం జరిగినా గాలిలో కొట్టుకుపోయి మనకు కనపడలేదా? పార్టీల తిట్లు వద్దు. ఏ పని ఆగిపోతుంది, ఏ తేదీ దాటితే చెయ్యి దాటిపోతుంది, అది తెలిసినవాళ్లు చెప్పండి.

నాగావళి గట్టు:
నష్టం లేకేటి బావు! పై నాయకులు రాజీ పడిపోతారు, ఫొటో దిగీస్తారు. ఊళ్లో ఆలిద్దరి మనుషులు అంత వేగంగా కలవరు. ఏడాదిపాటు ఒకాయన కోసం తిరిగినోడు, రెండో ఆయన పేరు రాగానే ఇంటికెళ్లి కూకుంటాడు. ఎదురుపార్టీకి ఓటెయ్యడు, తనోటు తను వేసీసుకుంటాడు. పక్కింటి ముసలమ్మను ఆటో ఎక్కించి బూత్‌కి తీసుకెళ్లడు చూడండి, గండి అక్కడే పడుతుంది. ఒక్కో బూత్‌లో ఇలాటోళ్లు నలుగురుంటే చాలు.

సిక్కోలు లెక్కలు:
నాగావళి గారి మాట నిజమే. అయితే 2024లో అది ఎందుకు ప్రాణం మీదికి రాలేదో తెలియాలంటే క్యాలెండర్ చూడాలి.

2019లో షెడ్యూల్ మార్చి 10న వచ్చింది, పోలింగ్ ఏప్రిల్ 11న. మధ్యలో 32 రోజులు. 2024లో షెడ్యూల్ మార్చి 16న, పోలింగ్ మే 13న. అంటే 58 రోజులు, దాదాపు రెట్టింపు. శ్రీకాకుళం, పాతపట్నం పేర్లు మార్చి 22న వచ్చాయి. చీపురుపల్లి అసెంబ్లీ, విజయనగరం పార్లమెంటు పేర్లు చివరి జాబితాలో, మార్చి 29న. చిట్టచివర తేలిన చీపురుపల్లికే పోలింగ్‌కు 45 రోజులు మిగిలాయి.

అదే ఆలస్యం 2019లో జరిగి ఉంటే? షెడ్యూల్ వచ్చిన 13వ రోజున పేరు తేలితే అది మార్చి 23. పోలింగ్‌కు 19 రోజులు. రాష్ట్రంలో 2024కి 46,389 పోలింగ్ కేంద్రాలు ఉన్నాయి. 175తో భాగిస్తే సగటున నియోజకవర్గానికి 265. అభ్యర్థి రోజుకు ఆరు బూత్‌ల పరిధి నడిచి తిరిగాడనుకుంటే 45 రోజుల్లో 270, అన్నీ ఒక చుట్టు అయిపోతాయి. 19 రోజుల్లో 114. సగానికి పైగా ఊళ్లకు అభ్యర్థి ముఖమే తెలియదు.

ఇంకో మాట. నామినేషన్ల ఉపసంహరణ గడువుకూ పోలింగ్‌కూ మధ్య చట్టం చెప్పే కనీస వ్యవధి 14 రోజులు. 2019లో మార్చి 28 నుంచి ఏప్రిల్ 11, 2024లో ఏప్రిల్ 29 నుంచి మే 13, రెండుసార్లూ సరిగ్గా 14 రోజులే. షెడ్యూల్ ఎంత పొడుగ్గా వచ్చినా ఈ చివరి ముక్క మాత్రం పెరగలేదు. పార్టీ లోపలి గొడవ ఈ గీత దాటి వచ్చిందా లేదా అన్నదాని మీదే నా లెక్కంతా నడుస్తుంది.

డల్లాస్ సిక్కోలోడు:
దీని మీద అమెరికాలో ఏళ్ల తరబడి వాదన ఉంది. అక్కడ అభ్యర్థిని పార్టీ ఆఫీసు తేల్చదు, ప్రైమరీల్లో ఓటర్లే తేలుస్తారు. 2008లో ఒబామా, హిల్లరీ క్లింటన్ల పోరు జనవరి 3న అయోవాలో మొదలై జూన్ 3 దాకా సాగింది. అవతల రిపబ్లికన్ పార్టీలో మెక్కెయిన్‌కు మార్చి 4కే అభ్యర్థిత్వం ఖాయమైంది. అందరూ డెమొక్రాట్లు మునిగారన్నారు. నవంబరులో ఒబామా గెలవడమే కాదు, మే 6న హోరాహోరీ ప్రైమరీలు జరిగిన ఇండియానా, నార్త్ కరోలినా రెండూ ఆయనకే వచ్చాయి. ఇండియానాలో డెమొక్రాట్ గెలిచి అప్పటికి 44 ఏళ్లు. పోరు సాగడం వల్ల ప్రతి రాష్ట్రంలో ఆఫీసులు తెరిచారు, కొత్త ఓటర్లను చేర్పించారు. ఆ పని నవంబరుకు పెట్టుబడి అయింది.

రెండో వైపూ ఉంది. 1976లో రిపబ్లికన్లలో ఫోర్డ్, రీగన్ల పోరు కాన్సాస్ సిటీలో పార్టీ మహాసభ దాకా వెళ్లింది. ఫోర్డ్ 1,187–1,070తో బయటపడి, నవంబరులో కార్టర్ చేతిలో ఓడాడు. 1980లో ఆ కార్టర్‌నే సొంత పార్టీలో టెడ్ కెనడీ ఆగస్టు దాకా వదల్లేదు, ఆయన రీగన్ చేతిలో చిత్తుగా ఓడాడు. 1924లో డెమొక్రాట్లు 103 విడతలు ఓటింగ్ జరిపితే గానీ అభ్యర్థి తేలలేదు. ఆయనా ఓడాడు.

ఇక్కడ కారణం ఏదో, ఫలితం ఏదో చూసుకోవాలి. 1980లో ధరలు మండిపోతున్నాయి, ఇరాన్‌లో బందీల వ్యవహారం తెగడం లేదు. కార్టర్ అప్పటికే బలహీనపడ్డాడు కాబట్టే కెనడీ బరిలోకి దిగాడు. జ్వరం వచ్చింది కాబట్టి ఒళ్లు కాలుతుంది, ఒళ్లు కాలడం వల్ల జ్వరం రాదు. మన దగ్గరా టికెట్‌కు పదిమంది ఎగబడ్డారంటే ఒక్కోసారి ఆ పార్టీ గెలుస్తుందన్న వాసన తగిలిందని అర్థం.

ఆముదాలవలస జంక్షన్:
అయితే మనకూ 2008లా లాభం రావచ్చు కదా?

సిక్కోలు లెక్కలు:
రాదు. వాళ్ల పోరు ఓటర్ల మధ్య జరుగుతుంది, మన పోరు మంగళగిరి, తాడేపల్లి ఆఫీసుల బయట జరుగుతుంది. ఓటరుకు అందులో పాత్ర ఏమైనా ఉందంటే పార్టీ అభిప్రాయ సేకరణకు రికార్డు చేసిన గొంతుతో ఐవీఆర్ఎస్ ఫోన్ వచ్చినప్పుడు ఒక నంబరు నొక్కడమే. ఆ పోరు వల్ల ఒక్క కొత్త ఓటూ చేరదు. పైగా ఓటరు నమోదుకు ఫారం 6 ఇవ్వడానికి గడువు నామినేషన్ల చివరి రోజుకు 10 రోజుల ముందు వరకే. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆశావహులందరూ కార్లు కట్టుకుని విజయవాడ రోడ్డు మీద ఉంటారు. జాబితాలో పేరు పోయినవాణ్ని, 18 నిండినవాణ్ని పట్టించుకునే మనిషి ఊళ్లో ఉండడు. నేను చూసే మొదటి గండి ఇదే. పోలింగ్ రోజున దీనికి ఎవరూ ఏమీ చేయలేరు.

బీ-ఫారం మాస్టారు:
క్యాలెండర్ సంగతి బాగా చెప్పారు. నామినేషన్ వారంలో ఏం జరుగుతుందో నేను చెబుతాను. ఆలస్యంగా తేలిన అభ్యర్థులు బోల్తా పడేది ఎక్కువగా ఇక్కడే.

పార్టీ పత్రాలు రెండు. బీ-ఫారాల మీద సంతకం పెట్టే అధికారం పార్టీలో ఎవరికుందో ఎ-ఫారం చెబుతుంది. అభ్యర్థి ఎవరో, ఆయన కాగితం చెల్లకపోతే ప్రత్యామ్నాయం ఎవరో బీ-ఫారం చెబుతుంది. రెండూ సిరాతో సంతకం చేసిన అసలు కాగితాలై ఉండాలి. రబ్బరు ముద్ర, జిరాక్స్, ఫ్యాక్స్ చెల్లవు. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల లోపు రిటర్నింగ్ అధికారికి అందాలి. ఒకరికి ఇచ్చాక మనసు మారితే పాతది రద్దు చేస్తున్నామని కొత్త బీ-ఫారంలో స్పష్టంగా రాసి, అదీ ఆ 3 గంటల లోపే చేర్చాలి. రద్దు మాట రాయకుండా ఇద్దరికి ఇస్తే, ముందు నామినేషన్ వేసినాయనే పార్టీ అభ్యర్థి అవుతాడు.

అఫిడవిట్ ఫారం 26లో. ఆస్తులు, అప్పులు, కేసులు, ఆదాయపన్ను రిటర్నుల గడులు అన్నీ నింపాలి. వివరం లేకపోతే "లేదు" అని రాయాలి. ఖాళీ వదిలితే అధికారి నోటీసు ఇస్తారు, పరిశీలన మొదలయ్యే లోపు సరిచేసిన కొత్త అఫిడవిట్ ఇవ్వకపోతే నామినేషన్ పోతుంది. గత పదేళ్లలో ప్రభుత్వ క్వార్టర్‌లో ఉన్నవారు అద్దె, కరెంటు, నీరు, టెలిఫోన్ బకాయిలు లేవని ధ్రువపత్రాలు తేవాలి. వేరే నియోజకవర్గంలో ఓటున్న అభ్యర్థి తన పేరున్న ఓటరు జాబితా పేజీకి ధ్రువీకరించిన నకలు జతపరచాలి. నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందు ఎన్నికల ఖర్చుకే వేరుగా బ్యాంకు ఖాతా తెరవాలి. డిపాజిట్ అసెంబ్లీకి 10 వేలు, లోక్‌సభకు 25 వేలు, ఎస్సీ ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. నెల ముందు పేరు తెలిసినవాడు ఇవన్నీ నింపాదిగా సర్దుకుంటాడు. మూడు రోజుల ముందు తెలిసినవాడు నోటరీ కోసం, తహసీల్దారు ఆఫీసు కోసం పరుగులు పెడతాడు, ప్రచారం ఆగుతుంది.

2024లో టీడీపీ ఏప్రిల్ 21న బీ-ఫారాలు ఇచ్చేటప్పుడు ఐదు చోట్ల పేర్లు మార్చింది: ఉండి, పాడేరు, మాడుగుల, మడకశిర, వెంకటగిరి. గడువు 25. నాలుగు చోట్ల గెలిచారు, పాడేరు పోయింది, మడకశిరలో మెజారిటీ 351 ఓట్లు. అంత గాలిలో 351తో గట్టెక్కడం చూస్తే, గాలి లేని ఏడాది అలా మార్చడం ఎంత ప్రమాదమో ఊహించుకోండి.

పైడితల్లి వీధి:
మాస్టారూ, టికెట్ రానాయన పార్టీ పేరుతోనే నామినేషన్ వేస్తానంటాడు కదా. బీ-ఫారం లేకపోతే అది చెల్లదు కదా, మరి భయమెందుకు?

బీ-ఫారం మాస్టారు:
గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు, స్వతంత్రుడికి పదిమంది కావాలి. పార్టీ పేరుతో ఒక్క సంతకంతో వేసి, బీ-ఫారం రాకపోతే పరిశీలన రోజున ఆ కాగితం పోతుంది. అందుకే అనుభవమున్న రెబల్ రెండు సెట్లు వేస్తాడు. ఒకటి పార్టీ పేరుతో, ఇంకొకటి పదిమంది సంతకాలతో స్వతంత్రుడిగా. నాలుగు సెట్ల దాకా వేయవచ్చు, డిపాజిట్ ఒక్కటే సరిపోతుంది. కాబట్టి రెబల్ ఉత్తినే బెదిరిస్తున్నాడా, నిజంగా దిగుతున్నాడా తెలుసుకోవాలంటే ప్రెస్‌మీట్ మాటలు వినక్కర్లేదు. అధికారి రోజూ నోటీసు బోర్డులో పెట్టే నామినేషన్ల జాబితాలో రెండో సెట్ ఉందా, ఎంతమంది ప్రతిపాదకులున్నారు అన్నది చూస్తే తెలిసిపోతుంది.

పైడితల్లి వీధి:
ధన్యవాదాలు. మా విజయనగరం సంగతీ ఇక్కడ చెప్పుకోవాలి. 2014లో టీడీపీ ఎమ్మెల్యేగా ఉన్న మీసాల గీత 2024లో స్వతంత్ర అభ్యర్థిగా నిలిచారు. ఆమెకు దక్కిన గుర్తు గాజు గ్లాసు. పొత్తులో జనసేనది అదే గుర్తు. విజయనగరంలో జనసేన పోటీలో లేదు కాబట్టి గ్లాసు స్వతంత్రుల జాబితాలోకి వెళ్లింది. పక్కనే నెల్లిమర్లలో జనసేన అభ్యర్థి లోకం మాధవిది అదే గ్లాసు. ఒకే పార్లమెంటు స్థానంలో ఒకచోట గ్లాసుకు వేయమని, పక్క సెగ్మెంట్‌లో గ్లాసుకు వేయొద్దని చెప్పుకోవాల్సి వచ్చింది. అయినా అదితి గజపతిరాజు 60 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. రెబల్ అంటే హడలిపోయేవాళ్లు ఇది గమనించాలి.

నాగావళి గట్టు:
60 వేల మెజారిటీలో రెబల్ ఏటి కనపడతాది? 2019లో శ్రీకాకుళం ఎంపీ సీటు మెజారిటీ 6,653. ఏడు సెగ్మెంట్లకి పంచితే ఒక్కోదానికి వెయ్యి కూడా లేదు. అలాటి ఏడాదిలో రెబల్‌కి రెండు వేలొచ్చినా కథ మారిపోద్ది.

చీపురుపల్లి కూడలి:
గుర్తుల గందరగోళం గురించి ఎచ్చెర్ల ఉదాహరణ ఇంకా చక్కగా పనికొస్తుంది. అక్కడ టికెట్ కోసం టీడీపీలో కళా వెంకటరావు, కలిశెట్టి అప్పలనాయుడు ఇద్దరూ ఉన్నారు. సీటు పొత్తులో బీజేపీకి వెళ్లి ఈశ్వరరావు అభ్యర్థి అయ్యారు. కలిశెట్టికి విజయనగరం ఎంపీ సీటు (ఎచ్చెర్ల ఆ పార్లమెంటు పరిధిలోదే), కళాకు చీపురుపల్లి వచ్చాయి. అంటే ఎచ్చెర్ల, లావేరు, రణస్థలం, జి.సిగడాం మండలాల ఓటరు బూత్‌లోకి వెళ్తే రెండు యంత్రాలుంటాయి. తెల్ల కాగితం అతికించినది ఎంపీకి, గులాబీ కాగితం ఎమ్మెల్యేకి. తెల్లదాని మీద సైకిల్ ఉంది, గులాబీ దాని మీద సైకిల్ లేదు, కమలం ఉంది. ఏళ్లుగా రెంటిలోనూ సైకిల్ నొక్కిన పెద్దాయన గులాబీ కాగితం పైనుంచి కిందికి వెతుక్కుంటాడు, కనపడకపోతే ఏదో ఒకటి నొక్కేస్తాడు, లేదా నోటా.

దీనికి మందు ఇంటింటికీ నమూనా బ్యాలెట్ తీసుకెళ్లి చూపించడమే. తెలుపు ఒకటి, గులాబీ ఒకటి, రెండు రంగుల కాగితాల మీద అచ్చు వేయించి, వరుస సంఖ్యతో సహా చెప్పాలి. వరుస సంఖ్య ఉపసంహరణ గడువు ముగిశాకే తెలుస్తుంది. ముందు గుర్తింపు పార్టీలవాళ్లు, తర్వాత రిజిస్టరైన పార్టీలవాళ్లు, చివర స్వతంత్రులు, ఒక్కో వర్గంలో తెలుగు అక్షరక్రమం. అంటే ఈ పనికి మిగిలేది ఆ 14 రోజులే. కరపత్రం మీద ముద్రాపకుడి పేరు, ప్రచురించినవారి పేరు, చిరునామాలు లేకపోతే అది కేసు. తొందరలో ఇది మర్చిపోతారు.

ఈ పని చేయాల్సింది పాత సైకిల్ కార్యకర్తలే. ఇళ్లు తెలిసింది వాళ్లకే. టికెట్ పోయిందన్న అలకలో వాళ్లు ఆ 14 రోజులు కూర్చుండిపోతే కొత్త అభ్యర్థి మనుషులు ఎంతమంది దిగినా గడప గుర్తుపట్టలేరు. అలకకు నిజమైన వెల అది.

సిక్కోలు లెక్కలు:
చీపురుపల్లి గారూ, మీ ఊరి సంగతి చెప్పండి. టికెట్ రాని నాగార్జున గారి వర్గం ఎలా సర్దుకుంది? వైఎస్సార్సీపీ అభ్యర్థి బొత్స మీద కళా గారి మెజారిటీ 11,971. చుట్టుపక్కల సీట్ల కన్నా చాలా తక్కువ. అది టికెట్ గొడవ ముద్రే అంటారా?

చీపురుపల్లి కూడలి:
కొంతవరకే. కిమిడి నాగార్జున 2019లో అభ్యర్థి, ఐదేళ్లు ఇన్‌చార్జి, జిల్లా అధ్యక్షుడు. సీటు అదే కుటుంబంలోని కళా వెంకటరావుకు వెళ్లింది, నాగార్జున అధ్యక్ష పదవికి రాజీనామా చేశారు. ఆ అసంతృప్తి మెరకముడిదాం, గరివిడి, గుర్ల, చీపురుపల్లి నాలుగు మండలాల్లోనూ కనిపించింది. కానీ ఎదుట ఉన్నది బొత్స సత్యనారాయణ. ఎన్నో ఏళ్లుగా ఊరూరా పేరుపెట్టి పిలిచే పరిచయాలున్న మనిషి. మెజారిటీ తగ్గడంలో ఆయన బలం వాటా ఎంత, మావాళ్ల అలక వాటా ఎంత అని ఒక్క అంకె చూసి చెప్పలేం. విడదీయాలంటే బూత్ లెక్క కావాలి.

సిక్కోలు లెక్కలు:
విడదీసే పద్ధతి ఉంది. ఫారం 20 అని తుది ఫలితాల పట్టిక వస్తుంది, బూత్‌ల వారీగా ఎవరికెన్ని ఓట్లో ఉంటాయి. అసెంబ్లీకి ఒకటి, అదే సెగ్మెంట్ లోక్‌సభ ఓట్లకు ఇంకొకటి. రెండూ పక్కపక్కన పెట్టి, ప్రతి బూత్‌లో కూటమి ఎంపీ ఓట్లలోంచి ఎమ్మెల్యే ఓట్లు తీసేయండి. తేడా అన్ని బూత్‌లలో సమానంగా ఉంటే అది ఎంపీ అభ్యర్థి సొంత బలమో, ఎమ్మెల్యే అభ్యర్థి సొంత బలహీనతో. టికెట్ పోయిన నాయకుడి సొంత ఊరు, ఆయన వర్గం సర్పంచులున్న ఊళ్లు, ఈ గుప్పెడు బూత్‌లలోనే తేడా ఒక్కసారిగా పెరిగితే అది అలక. పోస్టల్ బ్యాలెట్లు బూత్‌లకు అంటవు కాబట్టి వాటిని పక్కన పెట్టాలి.

ఒక జాగ్రత్త. 2019లో శ్రీకాకుళం పార్లమెంటు ఏడు సెగ్మెంట్లలో టీడీపీకి ఇచ్ఛాపురం, టెక్కలి రెండే వచ్చాయి, అయినా రామ్మోహన్ నాయుడు ఎంపీగా గెలిచారు. ఆ తేడాను రెబల్స్ ఖాతాలో వేస్తే తప్పు లెక్క అవుతుంది. జనం తెలిసే రెండు యంత్రాల్లో రెండు రకాలుగా వేశారు. అందుకే మొత్తం తేడా కన్నా ఏ బూత్‌లో ఎంత అన్నదే చూడమంటాను.

భావనపాడు తీరం:
మీరు ఊళ్లో ఉన్నవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. మా తీరం వైపు సగం కథ వలస ఓట్లదే. మే నెల పోలింగ్ అంటే ఇక్కడి వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి ఉంటుంది, ఊళ్లో ఉన్న బోట్లవాళ్లు ఇళ్ల దగ్గరే ఉంటారు. గుజరాత్ వెరావల్ బోట్ల మీద పనికెళ్లినవాళ్లు మాత్రం రారు, అక్కడి నిషేధం జూన్ 1కి గాని మొదలవదు. విశాఖ, హైదరాబాద్, చెన్నై కూలీలు వేరే. వీళ్లలో ఎవరు వస్తారు, ఎవరు రారు, ఎవరి నంబరు మారింది, ఇదంతా ఒక పుస్తకంలో ఉంటుంది. పేరు, తండ్రి పేరు, బూత్ నంబరు, ఓటరు జాబితాలో వరుస సంఖ్య, ఎక్కడ పనిచేస్తున్నాడు, ఫోను, పక్కన వచ్చే తేదీ. ఆ పుస్తకం పార్టీ ఆఫీసులో ఉండదు, పాత ఇన్‌చార్జి నమ్మిన మనిషి ఇంట్లో ఉంటాది.

టికెట్ మారితే ముందు చేతులు మారాల్సింది ఆ పుస్తకమే. రైలు రిజర్వేషన్ రెండు నెలల ముందు చేసుకోవాలి, కాబట్టి ఫోన్ చేయడం ఆలస్యమైతే మనిషికి ఓటెయ్యాలని ఉన్నా రాలేడు. ఒక మాట గట్టిగా చెబుతున్నాను: అభ్యర్థి బస్సులు పెట్టి ఓటర్లను తరలించడం చట్టప్రకారం అక్రమం, ఎన్నికే కొట్టేయించగల తప్పు. ఫోన్ చేసి తేదీ గుర్తుచేయడం వరకే.

నాగావళి గట్టు:
పుస్తకం మాట బాగా చెప్పారు బావు. అడిగితే ఇస్తారేటి?

భావనపాడు తీరం:
అడిగే తీరును బట్టి. కొత్త అభ్యర్థి మనిషిని పంపించి "ఇచ్చీయండి" అంటే ఇవ్వరు. ఆ పుస్తకం రాసినోడినే ఆ పనికి పెద్దను చేసి, "నువ్వే చూసుకో" అంటే పుస్తకంతో పాటు మనిషీ వస్తాడు.

చీపురుపల్లి కూడలి:
బుజ్జగింపు నిజంగా పనిచేయాలంటే అదే సూత్రం. పై నుంచి పదవి మాట ఇవ్వడం ఒక భాగం. ఇక్కడ కర్రోతు బంగార్రాజు నెల్లిమర్ల ఇన్‌చార్జిగా ఉండి సీటు జనసేనకు వెళ్లాక సర్దుకున్నారు, ఎన్నికల తర్వాత మార్క్‌ఫెడ్ చైర్మన్ అయ్యారు. నాగార్జునేమో ఆ తర్వాత జిల్లా సహకార బ్యాంకు (డీసీసీబీ) చైర్మన్ అయ్యారు. కానీ ఆ పదవులు గెలిచాక వచ్చేవి. పోలింగ్‌కు ముందు కార్యకర్త చూసేది వేరు: తన నాయకుడికి పనిలో చోటిచ్చారా, లేదా?

చోటివ్వడం అంటే ఏం చేయాలో వరుసగా చెబుతాను. పేరు ప్రకటించిన రోజే, ఊరేగింపు కన్నా ముందు, అభ్యర్థి స్వయంగా టికెట్ రానాయన ఇంటికి వెళ్లాలి. వారం దాటాక వెళ్తే అది మొక్కుబడి అని ఊరంతా అంటుంది. పాత బూత్ ఇన్‌చార్జిలను ఒక్కరినీ మార్చకూడదు. కావాలంటే తన మనిషిని రెండోవాడిగా పెట్టుకోవాలి. ఆయన బలమున్న మండలం బాధ్యత ఆయనకే రాసి ఇవ్వాలి, నోటిమాట చాలదు. ప్రచార రథం మీద, ఫ్లెక్సీలో ఆయన ఫొటో ఉండాలి. చిన్న విషయం అనిపిస్తుంది, సగం గొడవలు ఫ్లెక్సీ దగ్గరే మొదలవుతాయి.

బీ-ఫారం మాస్టారు:
దానికి నాది ఒక చేర్పు. అభ్యర్థి తరఫున చట్టబద్ధంగా సంతకం పెట్టగల మనిషి ఎన్నికల ఏజెంటు, ఫారం 8తో నియమిస్తారు. టికెట్ రాని నాయకుణ్నే, లేదా ఆయన కుడిభుజంగా ఉన్నవాణ్ని ఎన్నికల ఏజెంటుగా పెడితే వర్గం మొత్తానికి నమ్మకం వస్తుంది. మంత్రి, ఎంపీ, ఎమ్మెల్యే, ప్రభుత్వ భద్రత ఉన్నవాళ్లు ఏజెంట్లుగా పనికిరారు. గన్‌మన్ ఉన్న మాజీ ఎమ్మెల్యేకు ఇది కుదరదు, అది ముందే చూసుకోండి.

పోలింగ్ ఏజెంట్ల లెక్క కూడా వేసుకోవాలి. బూత్‌కు ఒక ఏజెంటు, మార్చుకోవడానికి ఇద్దరు. 265 బూత్‌లకు 795 మంది. ఒక్కొక్కరికీ ఫారం 10 మీద అభ్యర్థి లేదా ఎన్నికల ఏజెంటు సంతకం కావాలి. ముందుగా అదే బూత్ ఓటరునో, పక్క బూత్ ఓటరునో చూసుకోవాలి, దొరకనప్పుడే ఆ నియోజకవర్గంలో ఇంకొకరు. పోలింగ్‌కు గంటన్నర ముందు మాక్ పోల్ (యంత్రం పరీక్షకు నమూనా ఓటింగ్) మొదలవుతుంది, అప్పటికి లోపల ఉండాలి. రెండు వర్గాలూ విడివిడిగా పేర్లు ఇచ్చి, ఒకే బూత్‌కు ఇద్దరు ఫారాలు పట్టుకుని గేటు దగ్గర వాదులాడుకుంటే, లోపల ప్రత్యర్థి ఏజెంటు ఒక్కడే కూర్చుని ఉంటాడు. అందుకే పోలింగ్‌కు పది రోజుల ముందే రెండు వర్గాల పెద్దలు ఒక బల్ల ముందు కూర్చుని, బూత్ నంబరు వరుసన ఒకే జాబితా రాసుకోవాలి.

ఆముదాలవలస జంక్షన్:
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు.

సిక్కోలు లెక్కలు:
క్లుప్తంగా చెబుతాను. మన రాష్ట్రంలో ఖర్చు పరిమితి అసెంబ్లీకి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. ఆ లెక్క నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం దాకా. అంతకుముందు ముగ్గురు ఆశావహులు ఏడాదిపాటు సభలకు, కార్లకు, ఫ్లెక్సీలకు పెట్టింది ఏ లెక్కలోకీ రాదు. వాళ్ల చేతిలో మాత్రం డబ్బు మిగలదు. టికెట్ తెచ్చుకున్నాయన అసలు ప్రచారం మొదలయ్యేసరికి అలసిపోయి ఉంటాడు. రానాయన అప్పులతో, కోపంతో ఉంటాడు. ఆ అప్పు తీరే దారి చూపకుండా "పార్టీ కోసం పనిచెయ్" అంటే మనసొప్పదు.

డల్లాస్ సిక్కోలోడు:
ఇక్కడి చట్టంలో ఒకటి మనకు లేదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రైమరీలో ఓడినవాడు అదే ఏడాది స్వతంత్రుడిగా పోటీ చేయడానికి వీల్లేదు. బ్యాలెట్ మీదికి రాలేడు కాబట్టి అతని కోపం నవంబరుకు చల్లారుతుంది. మన దగ్గర ఓడిన ఆశావహుడికి బ్యాలెట్ తలుపు ఉపసంహరణ రోజు దాకా తెరిచే ఉంటుంది.

పైడితల్లి వీధి:
అదే అడగాలనుకున్నాను. రెబల్ ఉపసంహరణ గడువు దాటాక రాజీపడి, "నేను తప్పుకుంటున్నా, ఫలానా ఆయనకు వేయండి" అని ప్రెస్‌మీట్ పెడితే చాలదా?

బీ-ఫారం మాస్టారు:
చాలదమ్మా. గడువు దాటితే పేరు, గుర్తు యంత్రం మీద ఉంటాయి. ప్రెస్‌మీట్ చూడనివాళ్లు, చూసినా పంతం వదలనివాళ్లు నొక్కుతూనే ఉంటారు. ఇంకో చిక్కు, ఒక బ్యాలెట్ యూనిట్‌లో 16 మీటలే ఉంటాయి, నోటాతో కలిపి. 15 మంది దాటితే ప్రతి బూత్‌లో రెండో యూనిట్ పెట్టాలి. లోక్‌సభకూ అలాగే అయితే ఓటరు ముందు నాలుగు పెట్టెలు. ఒక్క రెబల్ కాగితం ఆ 16వ పేరు కావచ్చు.

ఉపసంహరణకు ఫారం 5. అభ్యర్థి తానే ఇవ్వాలి, లేదా ఆయన రాతపూర్వక అనుమతితో ప్రతిపాదకుడు గాని, ఎన్నికల ఏజెంటు గాని ఇవ్వాలి. మధ్యాహ్నం 3 గంటల లోపు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు. 2024లో ఆ రోజు ఏప్రిల్ 29, సోమవారం. ముందురోజు 28 ఆదివారం కావడంతో గడువు ఒకరోజు జరిగింది. మళ్లీ అలాంటి అదనపు రోజు దొరుకుతుందో లేదో షెడ్యూల్ వచ్చిన రోజే క్యాలెండర్‌లో చూసుకుని, రాజీ చర్చలు దానికి రెండు రోజుల ముందే ముగించండి.